క్యాబ్ ఇన్సూరెన్స్: డ్రైవర్లు చెప్పే మాట, పాలసీ చెప్పే మాట

"అన్నా, నాది ఫుల్ ఇన్సూరెన్స్." యాక్సిడెంట్ అయ్యాక నా దగ్గరికొచ్చే క్యాబ్ డ్రైవర్లలో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. మోటారు క్లెయిములు చూడటం నా పని. దేనికి ఫుల్, ఎవరికి ఫుల్ అని అడిగితే ఫోన్ తీసి యాప్‌లో కాగితాలు ఓకే అయిన స్క్రీన్ చూపిస్తారు. పాలసీ మాత్రం కొన్న రోజు నుంచీ తెరిచి ఉండరు. బండికి ఒకటి, డ్రైవర్ ఒంటికి ఒకటి, యాప్ కంపెనీ ఇచ్చేది ఒకటి. ఈ మూడూ వేర్వేరు. వీటిని కలిపేసుకోవడం దగ్గరే తిప్పలన్నీ మొదలవుతాయి.

అపోహ: సొంత కారుకి కాంప్రహెన్సివ్ పాలసీ (మన బండి రిపేరుకీ, అవతలివాళ్ల నష్టానికీ కలిపి) ఉంది, ఖాళీ దొరికినప్పుడు నాలుగు ట్రిప్పులు కొట్టుకుంటే ఏమవుతుంది?

ప్రైవేట్ కారు పాలసీలో 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అని చిన్న పేరా ఒకటుంటుంది. బండిని ఏయే పనులకు వాడితే పాలసీ వర్తించదో అందులో రాసి ఉంటుంది. మొదట ఉండేది కిరాయికి తిప్పడం. ఆ వరసలోనే సరుకు రవాణా, రేసులు, స్పీడ్ టెస్టింగ్. అంటే మీ ఎయిర్‌పోర్ట్ ట్రిప్పునీ కారు రేసునీ పాలసీ ఒకే గాటన కట్టేస్తుంది. ట్రిప్పులో ఉండగా గుద్దుకుంటే బండి రిపేరు క్లెయిము తిరస్కరించడానికి బీమా కంపెనీకి ఆ ఒక్క లైను చాలు.

అసలు దెబ్బ అది కాదు. ఆ యాక్సిడెంట్‌లో రోడ్డు మీద పోయేవాళ్లకు ఏదైనా అయితే సంగతి వేరేగా నడుస్తుంది. పర్మిట్ లేని బండిని కిరాయికి తిప్పడాన్ని మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ బీమా కంపెనీకి ఒక డిఫెన్స్‌గా, అంటే చెల్లించనని వాదించడానికి ఒక కారణంగా ఇచ్చింది. అయినా బాధితుడికి అన్యాయం జరగకూడదని కోర్టులు చాలా కేసుల్లో 'పే అండ్ రికవర్' అంటాయి: ముందు కంపెనీ చెల్లించాలి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలి. పర్మిట్ లేని బండి కేసులో 2018లో సుప్రీంకోర్టు ఆ దారినే సమర్థించింది. బీమా వాళ్లు కట్టేశారు కదా అని ఓనర్ ఊపిరి పీల్చుకుని ఉంటాడు. తర్వాతెప్పుడో రికవరీ కాగితం వస్తుంది, మొత్తం లక్షల్లో ఉంటుంది. అప్పుడు నా దగ్గరికొస్తే నేను చేయగలిగింది చాలా తక్కువ.

అపోహ: థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండే బీమా) అంటే అవతలి బండివాళ్లకే, వెనక సీట్లో కూర్చున్న ప్యాసింజర్‌కి రాదు.

పసుపు ప్లేటు బండికి వస్తుంది. ప్యాసింజర్ వాహనాల పాలసీలో థర్డ్ పార్టీ ప్రీమియం దగ్గర చూడండి, తలకి ఇంత అని ప్యాసింజర్ల లెక్క విడిగా ఉంటుంది. చావు, గాయాల పరిహారానికి పాలసీలో పైపరిమితి లేదు. యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత. అవతలివాళ్ల ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల రూపాయల హద్దు ఉంది.

అపోహ: ఇంతమందికి వస్తుంటే నడిపే నాకు రాదా?

రాదు. డ్రైవర్లు నమ్మలేనిది ఇదొక్కటే. తప్పు మీదైతే, బండి కూడా మీదే అయితే, థర్డ్ పార్టీ నుంచి మీ ఒంటికి ఒక్క రూపాయి రాదు. అందుకే 15 లక్షల రూపాయల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ విడిగా పెట్టారు. ప్రీమియం తగ్గుతుందని దాన్ని తీసేయించుకున్నవాళ్లను చూశాను.

ఇందులో మరో మెలిక ఉంది. ఆ 15 లక్షలు ఆర్సీలో పేరున్న ఓనర్‌కే, అదీ లైసెన్సు ఉంటేనే. లోన్ తేలిగ్గా వస్తుందని బండి తమ్ముడి పేరు మీద కొంటారు, నడిపేది అన్న. ఒకసారి అలాంటి కేసులోనే కాళ్లు రెండూ విరిగిన అన్న మంచం మీద నుంచి "ప్రీమియం కట్టింది నేనే కదా సార్" అన్నాడు. కట్టింది ఆయనే. కాగితం మీద పేరు తమ్ముడిది. జీతం మీద డ్రైవర్‌ని పెట్టుకున్న ఓనర్లయితే 'పెయిడ్ డ్రైవర్ లీగల్ లయబిలిటీ' అనే లైను పాలసీలో ఉందో లేదో చూసుకోవాలి. దాని ప్రీమియం చాలా చిన్న మొత్తం, అయినా రాయించుకోనివాళ్లే ఎక్కువ.

అపోహ: అవన్నీ యాప్ కంపెనీ చూసుకుంటుంది.

కొంత చూసుకోవాలి, నిజమే. మోటారు వాహనాల చట్టం 2019 సవరణతో ఈ యాప్ కంపెనీలు చట్టంలో 'అగ్రిగేటర్లు' అయ్యాయి, 93వ సెక్షన్ కింద రాష్ట్రం నుంచి లైసెన్సు తీసుకోవాలి. 2025 జులైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక్కో డ్రైవర్‌కి కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా (డ్రైవర్ చనిపోతే ఇంట్లోవాళ్లకు వచ్చేది) ఉండేలా కంపెనీ చూడాలి. 2020 నాటి మార్గదర్శకాల్లోనూ ఈ రెండూ ఉన్నాయి. మీ పేరు మీద నిజంగా తీశారా లేదా అన్నది వేరే ప్రశ్న. సర్టిఫికెట్ అడగండి, నామినీ పేరు సరిచూడండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం అగ్రిగేటర్లు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం గిగ్ వర్కర్ల (మీలా యాప్‌ల మీద పనిచేసేవాళ్ల) సంక్షేమ నిధికి ఇవ్వాలి. అది నిధి, మీ చేతిలో పాలసీ కాదు.

యాప్‌లో కనిపించే ట్రిప్ ఇన్సూరెన్స్ షరతులు కూడా ఒకసారి చదవండి. రైడ్ ఒప్పుకున్నప్పటి నుంచి దింపేదాకా అని మాత్రమే రాసుంటే, లాగిన్ అయి బుకింగ్ కోసం ఎదురుచూసే గంటలూ, రాత్రి ఖాళీ బండితో ఇంటికెళ్లే దారీ అందులో లేనట్టే.

అపోహ: లైసెన్సు మీద బ్యాడ్జీ (ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చన్న ముద్ర) లేకపోతే క్లెయిము పోయినట్టే.

ఇది పాత భయం. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ వాహనాన్ని ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఇంకా ఆ సాకుతో క్లెయిము ఆపితే తీర్పు చూపించి అడగండి.

అపోహ: బైక్ ట్యాక్సీకి తెల్ల ప్లేటు (సొంత వాడకం బండి ప్లేటు) ఉన్నా ఫరవాలేదు, ప్రభుత్వమే ఒప్పుకుంది.

2025 మార్గదర్శకాలు ఆ నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలాయి. మీ రాష్ట్రం ఒప్పుకున్నా మీ పాలసీలో ఆ 'లిమిటేషన్స్' పేరా దానంతటది మారదు. కిరాయికి తిప్పుతున్నానని బీమా కంపెనీకి రాసి, మార్చిన పాలసీ చేతికొచ్చాకే లాగిన్ అవ్వండి. ఫోన్‌లో ఏజెంట్ "ఏం కాదులే" అన్నది క్లెయిము ఫైల్లోకి ఎక్కదు.