కార్బన్ క్రెడిట్లు: మన ఊళ్లలో తిరుగుతున్న అపోహలు, అసలు లెక్కలు

వరంగల్, కరీంనగర్ వైపు వరి రైతులను, పోడు రైతులను కార్బన్ ప్రాజెక్టుల్లో చేర్చుకుంటామని వచ్చేవాళ్లు పెరిగారు. పథకం మంచిదే కావచ్చు. కానీ లెక్క తెలియకుండా సంతకం పెడితే నష్టపోయేది రైతే.

అపోహ: తోట పచ్చగా ఉంటే చాలు, డబ్బులొస్తాయి.

రావు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గిందనో, చెట్టు దాన్ని పీల్చి దాచిందనో రుజువు. అమ్ముకునేది ఆ రుజువునే. ప్రాజెక్టు లేకపోయినా జరిగేదానికి క్రెడిట్ పుట్టదు. తాతల నాటి మామిడి తోట, ఎప్పటి నుంచో పేపరు మిల్లుకు అమ్ముతున్న జామాయిల్ అందుకే లెక్కలోకి రావు.

వరిలోనూ ఇదే తిరకాసు. నీళ్లు నిలిచిన మడి నుంచి మీథేన్ అనే వేడి పెంచే వాయువు వస్తుంది, మధ్య మధ్యలో ఆరబెడితే అది తగ్గుతుంది. వరిలో క్రెడిట్ ఆ తగ్గుదలకే. కాకతీయ కాలువ కింద ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో, అంటే కొన్నాళ్లు వదిలి కొన్నాళ్లు ఆపుతూ నీళ్లిస్తే మడి మధ్య మధ్యలో తనంతట తానే ఆరుతుంది. అలాంటి చోట ‘ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండేవి’ అని రాసి క్రెడిట్లు చూపితే తనిఖీలో ఆ ప్రాజెక్టు నిలవదు. 2023 మార్చిలో, క్రెడిట్లకు ప్రమాణాలు పెట్టి నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ వెర్రా వరికి వాడుతున్న పాత లెక్కింపు పద్ధతిని నిలిపేసింది. 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది.

అపోహ: ఎకరానికి వేలల్లో వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. దక్షిణాసియాలో నీళ్లు నిలిచిన వరి మడి నుంచి హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ వస్తుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2019 ప్రామాణికం. పంటకాలం 112 రోజులు, అంటే 95 కిలోలు. పలుమార్లు ఆరబెడితే దాదాపు 45 శాతం, అంటే 43 కిలోలు తగ్గుతుంది. మీథేన్‌ను వేడి పెంచడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లుగా లెక్కగడతారు కాబట్టి హెక్టారుకు 1.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్లు, ఎకరానికి అర టన్ను. పశువుల ఎరువు, గడ్డి దున్నిన మడిలో కొంత ఎక్కువ ఉండొచ్చు. అయితే ఆరిన మడిలో యూరియా వల్ల నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వేడి పెంచే వాయువు పెరుగుతుంది, దాన్ని ఇందులోంచి తీసేయాలి.

టన్ను ధర వెయ్యి రూపాయలు అనుకున్నా ఎకరానికి ఒక పంటకు 500 రూపాయల లోపే. అందులోంచే కొలతలు, తనిఖీ, రిజిస్ట్రీ ఫీజు, కంపెనీ వాటా పోవాలి. 2003లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళా సంఘాలు డీజిల్ బదులు కానుగ నూనె వాడి తగ్గించిన 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ క్రెడిట్లను ప్రపంచ బ్యాంకుకు అమ్మాయి. వచ్చింది 645 డాలర్లు, టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. ఆ ఊరికి అది గర్వకారణమే. కానీ ‘వేలు’ అని చెప్పేవాళ్లను అడగాల్సింది ఈ లెక్కనే.

అపోహ: మడి ఆరబెడితే దిగుబడి పోతుంది.

ఇష్టం వచ్చినట్లు ఎండగడితే పోతుంది. మడిలో దించిన పైపులో నీటిమట్టం చూసి తడిపితే పోదు. 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పున్న పీవీసీ పైపుకు కింది సగంలో చుట్టూ రంధ్రాలు చేసి, ఆ సగం మట్టిలోకి దించాలి. లోపలి మట్టి అంతా తీసేయాలి. కాసేపాగి చూస్తే పైపు లోపల, బయట నీటిమట్టం ఒకటే ఉండాలి. లేకపోతే రంధ్రాలు బంకమట్టితో మూసుకుపోయినట్లే. గట్టు పక్కన, మడవ దగ్గర పెడితే మట్టం తప్పు చూపుతుంది.

నాటు వేసిన రెండు వారాలకు, కలుపు అదుపులోకి వచ్చాక మొదలుపెట్టాలి. పైపులో నీళ్లు నేలమట్టం కంటే 15 సెంటీమీటర్లు దిగినప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వొద్దు. తాలు పడేది అక్కడే.

బోరు కింద యాసంగిలో ఇది బాగా కుదురుతుంది. వానాకాలం చెరువు కింది పల్లపు మడుల్లో నీళ్లు తీయడానికే దారి ఉండదు. ఇంకో అడ్డంకి ఆటో స్టార్టర్. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది, నీళ్లు ఆపితే బిల్లేమీ తగ్గదు. మోటారు తనంతట తాను నడుస్తుంటే పైపు ఫొటోకే పనికొస్తుంది.

అపోహ: క్రెడిట్ అమ్మితే దేశానికీ లాభమే.

ప్రభుత్వం అనుమతించి, ఆ తగ్గింపును మరో దేశం తన కాలుష్య తగ్గింపు లక్ష్యంలో కలుపుకుంటే, పారిస్ వాతావరణ ఒప్పందం 6వ అధికరణం ప్రకారం మన లెక్కలోంచి అది తీసేయాలి. చవగ్గా తగ్గించగలిగినదంతా అమ్మేసుకుంటే, మన వాటాకు ఖరీదైన పని మిగులుతుంది. ఉష్ణమండల దేశాలు ఇప్పుడు గట్టిగా బేరమాడుతున్నది ఇందుకే. కెన్యా 2023 చట్టంలో భూమి ఆధారిత ప్రాజెక్టుల రాబడిలో 40 శాతం స్థానిక సమాజానికి ఇవ్వాలని రాసుకుంది. జింబాబ్వే అదే ఏడాది రాబడిలో సగం తనదేనని ప్రకటించి, తర్వాత తగ్గించుకుంది.

అపోహ: సంతకం ఉత్త ఫార్మాలిటీ.

మీ వాటా ఎంతో తేల్చేది ఆ కాగితమే. ‘రాబడిలో 60 శాతం’ అంటే అమ్మిన ధర మీదా, ఖర్చులు పోగా మిగిలినదాని మీదా? రెండోదైతే చేతికి సున్నా రావచ్చు. గడువు చూడండి, చెట్ల ప్రాజెక్టుల్లో 20 నుంచి 40 ఏళ్లు ఉంటుంది. ఈలోగా చెట్టు కొట్టినా, భూమి అమ్మినా ఎవరి బాధ్యతో తెలుగులో రాయించండి. ములుగు, భూపాలపల్లి వైపు సామూహిక అటవీ హక్కులున్న చోట 2006 చట్టం ప్రకారం అడవిని కాపాడే అధికారం గ్రామసభది, సర్పంచ్ ఒక్కరి సంతకం చాలదు. కౌలు పొలమైతే పైపు చూసి నీళ్లు కట్టేది కౌలుదారే గనుక, ఒప్పందంలో అతని పేరు, బ్యాంకు ఖాతా కూడా ఎక్కించాలి.