మాత్రకి వేళ మించిపోతే

ఈ మధ్య ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకోమని డాక్టరుగారు సుమాట్రిప్టాన్ రాసిచ్చారు. ఒక్కోసారి గంటా రెండు గంటల్లో నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది. ఇంకోసారి అదే మాత్ర, అదే మోతాదు, అయినా ఏమీ పనిచెయ్యదు. అలాంటి రోజున తల దువ్వుకోవాలన్నా, కళ్ళజోడు పెట్టుకోవాలన్నా ప్రాణం పోయినట్టు ఉంటుంది. తేడా మాత్రలో ఉందా, నాలో ఉందా?"

ఈ ప్రశ్న చదివి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. జవాబులో సగం ఆవిడ ప్రశ్నలోనే ఉంది. ఆ దువ్వెన దగ్గరే ఉంది కీలకమంతా.

మైగ్రేన్ లక్షణాల జాబితా ఇక్కడ రాయను. ఉన్నవాళ్ళకి అది చెప్పక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం తెలియాలి. మెదడుని కోసినా దానికి నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది మెదడుని కప్పి ఉంచే పొరలకీ, వాటిలోని రక్తనాళాలకీ. అక్కడి కబురు లోపలికి చేరాలంటే ముగ్గురు వార్తాహరులు చేతులు మార్చాలి.

మొదటివాడు ముఖం, తల కబుర్లు మోసే ట్రైజెమినల్ నాడిలోని కణం. దాని ఇల్లు పుర్రె అడుగున ఉన్న నాడీకణాల గుత్తి. ఒక చెయ్యి మెదడు పొరల దాకా, రెండో చెయ్యి మెదడు కాండం దాకా చాచి ఉంటుంది. రెండోవాడు ఆ కాండం అడుగున, వెన్నుపాముతో కలిసేచోట ఉంటాడు. వీడికి మెదడు పొరల కబురే కాక నుదురు, కణత, మాడు, మెడ చర్మం నుంచి వచ్చే కబుర్లు కూడా అందుతాయి. మైగ్రేన్‌లో చాలామందికి మెడ పట్టేసినట్టు ఉండటానికి ఇదొక కారణం. మూడోవాడు ఇంకా లోపల, మెదడు నడిమధ్యన కబుర్లు పంచిపెట్టే థలామస్‌లో ఉంటాడు.

నొప్పి మొదలైన కొత్తలో కేకలు పెట్టేది మొదటివాడే. తల వంచినా, దగ్గినా, మెట్లెక్కినా దడదడమని కొట్టుకునే నొప్పి వాడిదే. రెండోవాడు విన్నది విన్నట్టు పైకి చేరవేస్తాడు, అంతే. మొదటివాడు ఊరుకుంటే వాడూ ఊరుకుంటాడు.

కానీ ఆ కేకలు గంటా రెండు గంటలు ఆగకుండా సాగితే రెండోవాడి స్వభావమే మారిపోతుంది. ఇక వాడికి ఎవరూ కబురు తేనక్కర్లేదు, తనంతట తనే అరవడం మొదలుపెడతాడు. చర్మం నుంచి వచ్చే మామూలు కబురు కూడా వాడి చెవికి నొప్పిగానే వినిపిస్తుంది. దువ్వెన తగిలిందన్న కబురు "మంట, మంట" అన్న కబురై పైకి పోతుంది. తాకితేనే నొప్పి పుట్టే ఈ స్థితిని వైద్యులు ఎల్లోడీనియా అంటారు. ఇంకా ఆలస్యమైతే మూడోవాడు కూడా అదుపు తప్పుతాడు. అప్పుడు తలే కాదు, చేతులకి దుప్పటి తగిలినా సహించలేరు.

ఇప్పుడు ట్రిప్టాన్ సంగతి చూద్దాం. సుమాట్రిప్టాన్, దాని జాతి మందులన్నిటికీ కలిపి పేరు అది. మొదటివాడు రెండోవాడికి కబురు అందించే చోట, మొదటివాడి చేతివేళ్ళ మీద, నాడులు వాడే రసాయనమైన సెరటోనిన్‌ని పట్టుకునే 1బి, 1డి అనే గ్రాహకాలు ఉంటాయి. ట్రిప్టాన్ అక్కడ కూర్చుని ఆ చెయ్యి తెరుచుకోకుండా చేస్తుంది. కబురు చేతులు మారదు. రెండోవాడు ఇంకా బుద్ధిగా ఉన్నంతసేపూ ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కానీ వాడు సొంతంగా అరవడం మొదలుపెట్టాక మొదటివాడి నోరు మూయించి ఏం లాభం? మందు తన పని తాను చేసింది, కానీ నొప్పి అప్పటికే ఒక గది లోపలికి జరిగిపోయింది.

అమెరికాలో రామీ బర్‌స్టీన్ బృందం 2004లో దీన్ని మనుషుల్లోనే చూసింది. చర్మం ఇంకా మామూలుగా ఉండగా ట్రిప్టాన్ ఇచ్చిన దాడుల్లో 93 శాతం పూర్తిగా తగ్గాయి. తాకితే నొప్పి మొదలయ్యాక ఇచ్చినవాటిలో 15 శాతమే తగ్గాయి. అది కొద్దిమంది మీద చేసిన పరిశీలన. తరవాతి పెద్ద పరీక్షల్లో అంత తేడా కనిపించలేదు. అయినా నొప్పి తేలికగా ఉన్నప్పుడే వేసుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుందన్న మాట నిలబడింది.

అలాగని మరీ తొందరపడకూడదు. కొందరికి నొప్పికి ముందు కళ్ళ ముందు వంకర టింకర మెరుపు గీతలు కనిపిస్తాయి. దాన్ని ఆరా అంటారు. ఆ దశలో సుమాట్రిప్టాన్ సూది ఇచ్చి చూస్తే నొప్పి రావడం ఆగలేదు. నొప్పి మొదలవగానే వేసుకోవాలి, అదే వేళ.

ఇక్కడ ఒక నమ్మకం గురించి గట్టిగా చెప్పాలి. "ఓర్చుకో, అదే పోతుంది, మరీ తట్టుకోలేకపోతే వేసుకుందువుగాని" అని ఇంట్లో పెద్దలు అంటారు. ప్రేమతో అనే మాటే. కానీ ఆ ఓర్చుకున్న రెండు గంటల్లోనే మందు పనిచేసే వేళ దాటిపోతుంది. "చాక్లెట్ తిన్నావు కాబట్టి వచ్చింది" అనడం ఇంకొకటి. మైగ్రేన్ రాబోయే ముందు కొందరికి తీపి మీదకి మనసు పోతుంది. అంటే చాలాసార్లు చాక్లెట్ దాడికి కారణం కాదు, దాడి అప్పటికే మొదలైందనడానికి గుర్తు.

కడుపు కూడా ఆలస్యం చేస్తుంది. దాడి సమయంలో చాలామందికి జీర్ణాశయం కదలిక మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే కూర్చుంటుంది. సుమాట్రిప్టాన్ మాత్రగా మింగితే రక్తంలోకి చేరేది ఎలాగూ 15 శాతం లోపే. చర్మం కింద సూదిగా ఇస్తే దాదాపు మొత్తం చేరుతుంది, పావుగంట లోపే రక్తంలో గరిష్ఠ స్థాయికి వస్తుంది. వాంతులు అవుతున్నవాళ్ళకి ముక్కులో కొట్టే మందో, సూదిమందో, మాత్రతో పాటు మెటాక్లోప్రమైడ్ లాంటి వాంతులు ఆపే మందో డాక్టర్లు రాసేది ఇందుకే.

ట్రిప్టాన్ పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. అమెరికాలో హెరాల్డ్ వుల్ఫ్, జాన్ గ్రాహం 1938లో ఎర్గటమీన్ అనే పాత మైగ్రేన్ మందు ఇచ్చి, కణత దగ్గరి ధమని కొట్టుకోవడం తగ్గుతున్నకొద్దీ నొప్పి తగ్గడం చూశారు. రక్తనాళాలు ఉబ్బడమే మైగ్రేన్ అని అందరూ నమ్మారు. ఆ నమ్మకంతోనే గ్లాక్సో కంపెనీలో పాట్రిక్ హంఫ్రీ బృందం 1972 నుంచి నాళాల్ని ముడిచే అణువు కోసం వెతికింది, 1991లో సుమాట్రిప్టాన్ బయటికొచ్చింది. అది నాళాల్ని ముడుస్తుంది కూడా. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళకీ, బీపీ అదుపులో లేనివాళ్ళకీ ట్రిప్టాన్లు ఇవ్వకూడదన్నది అందుకే. కానీ నాళాల్ని ముడవని లాస్మిడిటాన్ అనే మందు కూడా నొప్పిని తగ్గిస్తోంది. అంటే అసలు పని నాడి మీదే. అయినా తరగతి గదుల్లో ఇప్పటికీ "నాళాలు ఉబ్బడం వల్ల" అనే చెబుతుంటారు. నల్లబల్ల మీద ఉబ్బిన గొట్టం గియ్యడం తేలిక, మాట మార్చిన నాడీకణాన్ని గియ్యడం కష్టం. పిల్లలకి ఆ కష్టమైన బొమ్మే చూపించాలని నా కోరిక.

మొదటివాడి కేక ఒక అణువు. పేరు సీజీఆర్‌పీ, 37 అమైనో ఆమ్లాల గొలుసు, 1982లో దొరికింది. దాడి సమయంలో మెడ సిర రక్తంలో అది పెరుగుతుందని పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్‌సన్ 1990లో చూపించారు. సుమాట్రిప్టాన్‌తో నొప్పి తగ్గినప్పుడు అదీ తగ్గింది. ఆ అణువునో, దాని గ్రాహకాన్నో పట్టేసే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) 2018లో మందులుగా వచ్చాయి: ఎరెనుమాబ్, ఫ్రెమనెజుమాబ్, గాల్కనెజుమాబ్. ఇవి భారీ అణువులు, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడని దాదాపుగా దాటలేవు. మరి ఎలా పనిచేస్తున్నాయి? మొదటివాడి ఇల్లు ఆ గోడకి బయట ఉంది! నెలకో, మూడు నెలలకో ఒక సూదితో దాడుల సంఖ్య తగ్గడానికి దారి అదే. అదే గ్రాహకాన్ని అడ్డే చిన్న అణువులు జెపాంట్లు. వీటిని నోటితో మింగవచ్చు, రక్తనాళాల్ని ముడవవు.

"నొప్పి తేలికగా ఉండగానే వేసుకోమంటే రోజూ వేసుకోవాల్సొస్తుందేమో" అని మీకు అనిపించవచ్చు. ఆ భయం న్యాయమైనదే. నెలకి 10 రోజులు, అంతకుమించి ట్రిప్టాన్లు, లేదా 15 రోజులు, అంతకుమించి మామూలు నొప్పి మాత్రలు, మూడు నెలలకి మించి వాడితే మందే తలనొప్పిని తెచ్చిపెడుతుంది. లెక్క ఆ అంచుకి రాకముందే దాడులు రాకుండా ఆపే మందుల గురించి డాక్టరుని అడగాలి. అలా ఆపే ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలీన్, టోపిరమేట్ అన్నీ వేరే జబ్బుల కోసం పుట్టినవే. ప్రొప్రనలాల్ మైగ్రేన్‌ని తగ్గిస్తుందని 1966లో గుండెనొప్పి రోగికి ఇచ్చినప్పుడు యాదృచ్ఛికంగా తెలిసింది. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు టోపిరమేట్, అదే పనికి వాడే వాల్‌ప్రోయేట్ విషయంలో ముందే డాక్టరుతో మాట్లాడి తీరాలి. బిడ్డకి హాని జరగవచ్చు.

క్లస్టర్ తలనొప్పి అని ఇంకో రకం ఉంది. అందులో మందు పనిచేసే వేళ ఇంకా చిన్నది. ఒక కంటి చుట్టూ గునపంతో పొడిచినట్టు నొప్పి, అదే వైపు కన్ను ఎరుపెక్కి నీరు కారడం, ముక్కు దిబ్బడ, రెప్ప వాలిపోవడం. మైగ్రేన్ మనిషి చీకటి గదిలో కదలకుండా పడుకుంటే, ఈ మనిషి పడుకోలేక అటూ ఇటూ తిరుగుతాడు. ఒక్కో దాడి 15 నిమిషాల నుంచి 180 నిమిషాలు. రోజుకి ఎనిమిది దాకా రావచ్చు, చాలామందికి రాత్రి సరిగ్గా అదే గంటకి నిద్రలేపుతూ వస్తాయి. శరీర గడియారం ఉండే హైపోథలామస్ ఆ దాడిలో చురుగ్గా ఉండటం 1998లో మెదడు చిత్రాల్లో కనిపించింది.

మింగిన మాత్ర కరిగి, పేగు దాటి, రక్తంలో చేరేలోపు ఈ దాడి చాలాసార్లు ముగిసిపోతుంది. అందుకే ఇక్కడ మాత్ర బదులు 6 మిల్లీగ్రాముల సుమాట్రిప్టాన్ సూది, లేదా ఆక్సిజన్. నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, వదిలిన గాలి మళ్ళీ లోపలికి రాని మాస్కుతో పీల్చాలి. 2009లో వచ్చిన ఒక పరీక్షలో 15 నిమిషాలకి, ఆక్సిజన్ పీల్చిన దాడుల్లో 78 శాతం, మామూలు గాలి పీల్చిన దాడుల్లో 20 శాతం తగ్గాయి. ఇది కూడా డాక్టరు రాసివ్వాల్సిన మందే, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త కావాలి.

క్లస్టర్ దాడులు వారాల తరబడి వరసగా వస్తాయి కాబట్టి ఆ వరసని తుంచే మందు కూడా వెంటనే మొదలుపెడతారు. అందులో ముందు వరసలో ఉన్నది వెరపమిల్. దీన్ని గుండె జబ్బులకి ఇచ్చే మోతాదుల కంటే బాగా ఎక్కువ మోతాదుల దాకా పెంచాల్సి రావచ్చు, గుండె లోపల విద్యుత్ సంకేతం నడక దీనివల్ల నెమ్మదిస్తుంది. ఆ మార్పు రోగికి తెలియకుండానే రావచ్చు. అందుకని మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ, మోతాదు పెంచిన ప్రతిసారీ ఇంకో ఈసీజీ తీయించుకోవాలి. నొప్పి తగ్గింది కదా అని ఆ ఈసీజీ తీయించుకోవడం మానెయ్యకండి.