మాల వేసుకున్న మూడో రోజు: తాగుడు మానడం గురించి అపోహలు, వాస్తవాలు

కార్తీకం వచ్చిందంటే మా సైకియాట్రీ వార్డులో నల్లబట్టలు కనిపిస్తాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఇంకా బాధగానే ఉంటుంది, ఎందుకంటే వీళ్లంతా మంచి పని చేయబోయి ప్రమాదంలో పడినవాళ్లు.

కిందటేడు ఒక లారీ డ్రైవర్‌ని తీసుకొచ్చారు. మెడలో మాల, నుదుటి విభూతి చెమటకు కరిగి కనుబొమల మీదికి కారుతోంది. మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో గేర్లు మారుస్తున్నాడు, కుడి చేత్తో స్టీరింగ్ తిప్పుతున్నాడు. మధ్యలో ఆగి దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరి పారేస్తున్నాడు. "మేడమ్, మాల వేసుకున్న దగ్గర్నుంచి స్వామి చుక్క ముట్టలేదు. మరి ఎందుకిలా అయింది?" అని భార్య ఏడుస్తోంది. వెంట వచ్చిన గురుస్వామి నియమంలో ఏదైనా లోపం జరిగిందేమోనని కంగారు పడుతున్నారు. ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారట. తాయెత్తు కట్టించడానికే ఒక పూట పోయింది.

నియమంలో ఏ లోపమూ లేదు. పదేళ్లుగా రోజూ రెండు క్వార్టర్లు తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేశాడు. ఆ వేళకి మూడో రోజు.

అపోహ: మానేస్తే మంచిదే కదా, ప్రమాదం ఏముంటుంది?

రోజూ మందు పడే మెదడుని కావడి మోసే మనిషిలా ఊహించుకోండి. మందు ఒక బుట్ట. అది మెదడుని మగతగా, మందకొడిగా చేస్తుంది. కావడి ఒరిగిపోకుండా మెదడు రెండో బుట్టలో అంతే బరువు వేసుకుంటూ పోతుంది, అంటే తనని తాను ఎక్కువ ఉద్రేకంగా ఉంచుకోవడం నేర్చుకుంటుంది. ఏళ్ల తరబడి అలా మోశాక ఒకరోజు మందు బుట్ట దించేస్తే, రెండో బుట్ట బరువుకి మనిషి కూలబడతాడు.

ఆఖరి పెగ్గు తర్వాత ఆరేడు గంటలకే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి ఊరూ వేళా తెలియని స్థితి వస్తుంది. లేనివి కనిపిస్తాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి, చేసే వృత్తి తాలూకు పనులే చేతులు చేసుకుపోతుంటాయి. నేతపని చేసేవాళ్లు గాల్లో మగ్గం నేస్తారు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, మేం డీటీ అంటాం. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. సమయానికి అందితే నూటికి 95 మందికి పైగా బయటపడతారు.

మానేసిన ప్రతి ఒక్కరికీ ఇలా కాదు. పొద్దున లేవగానే చేతులు వణికి, ఓ గుక్క పడితే గానీ బ్రష్ పట్టుకోలేనివాళ్లు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, ఏళ్లుగా రోజూ ఎక్కువ తాగేవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. క్లోర్‌డయజెపాక్సైడ్, లొరజెపామ్ లాంటి మందులతో, రోజురోజుకీ మోతాదు తగ్గిస్తూ, డాక్టర్ పర్యవేక్షణలో వారం పది రోజుల్లో ఈ గండం దాటించవచ్చు. మాల వేసుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. నలభై ఒక్క రోజుల దీక్షలో దొరికే తోడు, క్రమశిక్షణ చాలా విలువైనవి. దీక్షకి పది రోజుల ముందు ఒకసారి మా దగ్గరికి రండి, మాత్రలతో తాగుడు దించేసి పంపుతాం.

అపోహ: ఓ గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే సర్దుకుంటుంది.

పల్లెల్లో జరిగే మొదటి పని ఇదే. ఎక్కువ తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయామిన్, తరచూ అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ని వాడుకోవడానికి మెదడుకి అదే కావాలి. ముందు థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చైపోయి కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, నడక తూలడం, అయోమయం రావచ్చు. ఆలస్యం చేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. పొద్దున ఇడ్లీ తిన్న సంగతి పదకొండింటికి గుర్తుండని నలభై ఏళ్ల మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం ఎంత కష్టమో ఆ ఇల్లాలినే అడగాలి. దయచేసి, బాటిల్ పెట్టేవాళ్లని "బీ1 ఇంజెక్షన్ ఇచ్చారా?" అని అడగండి. ఫిట్స్, పిచ్చి మాటలు, జ్వరం ఉంటే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

అపోహ: తాగేవాళ్లకి తెలియకుండా అన్నంలో కలిపి మాన్పించవచ్చు.

బస్టాండ్ గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఈ ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ఆ పొడుల్లో ఏముందో అమ్మేవాళ్లు చెప్పరు. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మాత్రని మేం కూడా వాడతాం, కానీ రోగికి అంతా చెప్పి, ఒప్పుకున్నాకే. అది పనిచేస్తున్న ఒంట్లో మద్యం పడితే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోతుంది. ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్న మనిషైతే చనిపోవచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు. భర్త మీద ప్రేమతో, వేరే దారి తోచక పప్పులో కలిపి పెట్టిన భార్యల్ని నేను తప్పుపట్టను. వాళ్ల నిస్సహాయతని సొమ్ము చేసుకునేవాళ్ల మీదే నా కోపం.

అపోహ: బీరు, కల్లు మందు కిందికి రావు.

650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 8 శాతం ఆల్కహాల్ అనుకుంటే, సుమారు 40 గ్రాములు. రెండు లార్జ్ పెగ్గుల విస్కీలో ఉండేదీ అంతే. ఇక కల్లు విషయం. చెట్టు నుంచి దించిన కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది. తెలంగాణ పట్టణాల్లో అమ్మే కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. అవి అలవాటైన ఒళ్లు, ఒక్కసారిగా దొరక్కపోతే, మద్యానికి అలవాటైన ఒళ్లులాగే తిరగబడుతుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టిన మొదటి వారాల్లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ ఒక్కసారిగా నిండిపోయింది ఇందుకే. రోజూ కల్లు తాగే పెద్దావిడ రెండు రోజులు దొరక్క వింతగా మాట్లాడుతుంటే, డాక్టర్‌కి కల్లు సంగతి తప్పక చెప్పండి. సిగ్గుపడి దాచడం వల్ల ఆడవాళ్ల విషయంలో వైద్యం తరచూ ఆలస్యమవుతోంది.

అపోహ: టెన్షన్ తగ్గడానికి, నిద్ర కోసం తాగుతున్నాడు.

మొదట్లో నిజమే కావచ్చు. తర్వాత పొద్దున్నే వచ్చే ఆ టెన్షన్‌లో చాలా భాగం రాత్రి మందు దిగడం వల్ల వచ్చేదే. త్వరగా నిద్ర పడుతుంది గానీ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. దిగులు కూడా అంతే, మానేసిన మూడు నాలుగు వారాలకి చాలామందిలో దానంతటదే తేలికపడుతుంది. తగ్గకపోతే అది విడిగా ఉన్న డిప్రెషన్, దానికి వేరే వైద్యం కావాలి. భార్య మీద అనుమానం గురించి కూడా చెప్పాలి. ఏళ్ల తాగుడు వల్ల కొందరిలో ఇది పూర్తి స్థాయి భ్రమగా మారుతుంది. ఫోన్ లాక్కోవడం, గుమ్మం దాటనివ్వకపోవడం, కొట్టడం దాకా వెళ్తుంది. "తాగినప్పుడే అలా మాట్లాడతాడు లెండి" అని సర్దుకుపోకండి. అది ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: పెళ్లి చేస్తే మారతాడు.

మారడు. ఒక ఆడపిల్ల జీవితాన్ని మందుగా వాడకండి.

అపోహ: మళ్లీ తాగాడంటే వైద్యం ఫెయిలైనట్టే.

షుగర్ రోగి పండక్కి బూరెలు తిని షుగర్ పెంచుకుంటే వైద్యం మానేయమని ఎవరూ అనరు. ఇక్కడ మాత్రం ఒక్క తప్పుకే ఇల్లంతా ఆశ వదిలేస్తుంది. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో 5.7 కోట్ల మందికి పైగా మద్యం సమస్యకి సాయం అవసరమని అందులో తేలింది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారు. మిగతావాళ్లలో చాలామందిని మా దాకా రానివ్వనిది నలుగురూ ఏమంటారోననే సిగ్గే. తాగాలనే యావని తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకి రూపాయి ఫీజు లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ డ్రైవర్ నాలుగో రోజుకి భార్యని గుర్తుపట్టాడు. ఆరో రోజు డిశ్చార్జ్ చేశాం, డాక్టర్‌గా నేను సరేనన్నాక కొండకి కూడా వెళ్లొచ్చాడు. మాల తీసేశాక సంక్రాంతికి బావమరుదులతో కూర్చుని తాగాడు. కనుమ మర్నాడు తనే వచ్చి ఓపీ చీటీ రాయించుకున్నాడు. "మేడమ్, రెండు రోజులు తాగాను, చేతులు వణకడం మొదలు కాకముందే వచ్చాను" అన్నాడు. ఈసారి మంచం అవసరం పడలేదు, మాత్రలతోనే దించాం.

మీరు ఎవరినైనా తీసుకొస్తుంటే రెండు విషయాలు కాగితం మీద రాసుకుని రండి: రోజుకి ఎంత తాగుతారు, ఆఖరిసారి తాగింది ఏ రోజు, ఎన్ని గంటలకి. మా వైద్యం ఆ గంట నుంచే లెక్క.