షోనా రాజు పోతే ఏం జరుగుతుంది? అపోహలు - వాస్తవాలు

నేను ఆఫ్రికా చరిత్ర పాఠాలు చెబుతాను. జింబాబ్వే షోనా ప్రజల దగ్గరికి వచ్చేసరికి విద్యార్థులు ఏటా అవే మాటలు అంటారు. వాళ్లు చదివింది అలా ఉంది మరి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తండ్రి పోగానే పెద్దకొడుకు గద్దెనెక్కుతాడు.

వాస్తవం: చాలా వంశాల్లో అన్న తర్వాత తమ్ముడు. ఆ తరం అయిపోయాక వంశకర్త కొడుకుల నుంచి చీలిన శాఖలకు వంతులవారీగా రాజరికం దక్కుతుంది. ఒక్కో శాఖను 'ఇంబా' అంటారు, అంటే ఇల్లు. ఈసారి ఏ ఇంటి వంతు అన్నదే అసలు తగవు. అది ఏళ్లకేళ్లు సాగడమూ ఉంది.

ఇందులో నాకు బాగా నచ్చేది 'ముజుకురు', అంటే మేనల్లుడి పాత్ర. వంశచిహ్నమైన 'ముతుపో' మన గోత్రంలా తండ్రి నుంచే వస్తుంది. కాబట్టి రాజుగారి అక్కచెల్లెళ్ల కొడుకు వేరే ముతుపో వాడు, గద్దె అడగడానికి లేదు. అడగలేడు కనుకే అంత్యక్రియల పనులు, ఇంటి తగవుల్లో రాయబారం నమ్మకంగా అతని చేతిలో పెడతారు.

అపోహ: రాజు చావును దాచిపెట్టడం మోసం.

వాస్తవం: వెంటనే బయటపెట్టకపోవడం ఆచారమే. 'చనిపోయాడు' అని కూడా అనరు, 'కొండ కూలింది' అంటారు. మనం పెద్దల విషయంలో 'పరమపదించారు' అన్నట్టే. కొన్ని వంశాల్లో భౌతికకాయాన్ని గుడిసెలో మంచె మీద ఉంచి, కింద సన్నని సెగ పెట్టి ఆరబెట్టేవారు. తర్వాత ఎద్దుతోలులో చుట్టి, పాత రాజులున్న కొండగుహలో పెట్టి, గుహ నోటిని రాళ్లతో మూసేవారు. ఇదంతా ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఆ ఆలస్యం వల్లే ఇళ్ల పెద్దలకు కూర్చుని మాట్లాడుకునే వ్యవధి దొరికేదని నా అభిప్రాయం.

అపోహ: రాజు ఒంట్లో లోపం వస్తే చావాల్సిందే.

వాస్తవం: 16వ శతాబ్దం చివర్లో ఇప్పటి మొజాంబిక్ తీరంలోని సొఫాలా వైపు ఉన్న పోర్చుగీసు సన్యాసి జువావ్ దోస్ సాంతోస్ రాసిన మాట ఇది. అక్కడి షోనా రాజ్యమైన కితేవేలో రాజులు ముందుపన్ను ఊడినా విషం తాగేవారని రాశాడు. అందరూ దాన్నే ఎత్తుకున్నారు. తన కాలపు రాజుకు పన్ను ఊడితే, ఆ సంగతి రాజ్యమంతా చాటింపు వేయించి బతికే ఉన్నాడని కూడా ఆయనే రాశాడు. ఆ మాటను మాత్రం వదిలేశారు.

అపోహ: ఆడవాళ్లకు ఇందులో చోటు లేదు.

వాస్తవం: పోయిన రాజుల ఆత్మలు 'మొండోరో', అంటే సింహాలు అవుతాయని నమ్మకం. అవి 'స్వికిరో' అనే మనిషి మీదికి వచ్చి పలుకుతాయి. వారసుడి విషయంలోనూ వాళ్లను అడుగుతారు. స్వికిరోల్లో స్త్రీలూ ఉన్నారు. 1898లో బ్రిటిష్‌వాళ్లు ఉరితీసిన చార్వే కూడా నెహాండా అనే మొండోరో పలికిన స్త్రీయే.

ఇప్పుడు 2013 రాజ్యాంగం ప్రకారం సంప్రదాయ పాలకులను నియమించేది దేశాధ్యక్షుడు, అదీ ఆచారాన్ని అనుసరించి. సంతకం రాజధాని హరారేలో పడినా, వంతు లెక్కకు వచ్చేసరికి పెద్దలు ఇప్పటికీ వంశకర్త కొడుకుల పేర్లతోనే మొదలుపెడతారు.