తొడల మీద సొట్టలు: కాఫీ పొడితో పోతాయా?

రెండు చెంచాల కాఫీ పొడిలో కాస్త కొబ్బరినూనె కలిపి, తొడలకు పది నిమిషాలు గట్టిగా రుద్ది కడిగేస్తే సెల్యులైట్, అంటే చర్మం మీద కనిపించే ఈ సొట్టలు, తగ్గుతుందని చాలామంది చెబుతుంటారు. అలా రుద్దాక అద్దంలో చూసుకుంటే తేడా కనిపించే మాట నిజమే. చర్మం ఎర్రబడి, సొట్టలు పూడినట్టుంటాయి. రుద్దిన చోట రక్తప్రసరణ పెరిగి చర్మం కొద్దిగా ఉబ్బుతుంది మరి. ఆ ఉబ్బు దిగగానే సొట్టలు మళ్లీ బయటపడతాయి.

అసలు వాటి మూలం పైచర్మంలో లేదు. చర్మం కింద కొవ్వు చిన్న చిన్న గదులుగా ఉంటుంది. గదుల మధ్య ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పీచులు చర్మాన్ని లోపలి పొరకు కట్టిపడేస్తాయి. దూది పరుపుకు కుట్టు వేసిన చోట గుంట పడి, చుట్టూ దూది ఉబ్బుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. ఈ పీచులు ఆడవాళ్లలో ఎక్కువగా నిలువుగా, మగవాళ్లలో ఏటవాలుగా అల్లుకుని ఉంటాయని 1978లో నూర్న్‌బెర్గర్, ముల్లర్ అనే పరిశోధకులు వివరించారు. యుక్తవయసు దాటిన ఆడవాళ్లలో 80 నుంచి 90 శాతం మందికి ఈ సొట్టలు ఎంతో కొంత ఉంటాయి. సన్నగా ఉన్నవాళ్లకూ తప్పవు. ఇంతమందికి సహజంగా ఉన్నదాన్ని లోపమని చెప్పి అమ్మాయిలను బాధపెట్టడం నా దృష్టిలో అన్యాయం.

ఇక కాఫీలో ఉండే కెఫీన్ సంగతి. ప్రయోగశాలలో నేరుగా కొవ్వు కణాలకు తగిలిస్తే అది కొవ్వును విడగొట్టగలదు. కానీ పది నిమిషాల్లో కడిగేసే పొడి నుంచి చర్మం దాటి అంత లోతుకు చేరేది ఏపాటి? పైగా మన ఇళ్లలో వాడే కాఫీ పొడిలో తరచూ చికోరీ కలిసి ఉంటుంది, చికోరీలో కెఫీన్ ఉండదు. ఒకవేళ కెఫీన్ అంత లోతుకు చేరినా పీచుల్ని అది ఏమీ చేయలేదు. ఆ పీచుల్నే కరిగించే ఇంజెక్షన్‌కు 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. చర్మం బాగా కమిలిపోయి మచ్చలు పడుతుండటంతో 2022 చివర్లో తయారీ సంస్థే దాన్ని ఆపేసింది.

కాఫీ పొడితో పెద్ద ప్రమాదం లేదు, మరీ గీరుకుపోయేలా రుద్దకపోతే చాలు. నిమ్మరసం, వెనిగర్ మాత్రం వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, నెలల తరబడి నల్లమచ్చలు మిగిలిపోవచ్చు.

పైసా ఖర్చు లేకుండా కాస్తయినా పనికొచ్చేది కండ పెంచడమే. గుంజీలు తీయడం, మెట్లెక్కడం వల్ల తొడ, పిరుదుల కండరాలు గట్టిపడితే పైన చర్మం కొంత నునుపుగా కనిపిస్తుంది. సొట్టలు పూర్తిగా పోవు. కడుపు మాడ్చుకుని గబగబా బరువు తగ్గితే చర్మం వదులై అవి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు కూడా.

ఒక్క విషయంలో మాత్రం ఇంటి వైద్యం జోలికి పోవద్దు. సెల్యులైట్ నొప్పి పుట్టించదు, జ్వరం తెప్పించదు. కాలి మీద ఒకచోట ఎర్రగా వాచి, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉంటే అది సెల్యులైటిస్ కావచ్చు. అది బ్యాక్టీరియా వల్ల వచ్చే ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్స్ పడాలి. షుగర్ ఉన్నవాళ్లయితే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలి.