ఇంపోర్ట్ దగ్గర ఆగిపోయే థ్రెడ్లు: పైథాన్‌లో ఒక పాత లాక్ కథ

పైథాన్‌లో ఇంపోర్ట్ అంటే ఫైల్ చదివి పక్కన పెట్టుకోవడం కాదు. మాడ్యూల్‌లో, అంటే ఆ కోడ్ ఫైల్‌లో, పైనుంచి కిందిదాకా ఉన్న కోడ్ అంతా అప్పటికప్పుడు రన్ అవుతుంది. ఆ రన్ మొదలవకముందే మాడ్యూల్ పేరు సిస్.మాడ్యూల్స్ అనే డిక్షనరీలోకి ఎక్కేస్తుంది. రెండు మాడ్యూళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకున్నా అంతులేకుండా తిరగకూడదని ఈ ఏర్పాటు. కానీ అదే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే ఇంకో పని, అంటే రెండో థ్రెడ్, వచ్చిందంటే, సగమే తయారైన మాడ్యూల్ దాని చేతికి చిక్కుతుంది. ఇంకా పుట్టని ఫంక్షన్ కోసం వెతికి ఎర్రర్‌తో పడిపోతుంది.

అందుకే పైథాన్ కోడ్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్ మొత్తానికి మొదట్లో ఒకే ఇంపోర్ట్ లాక్ (ఒకసారికి ఒక థ్రెడ్ మాత్రమే పట్టుకోగల తాళం) పెట్టారు. దీన్ని గిల్‌తో, అంటే ఒకసారికి ఒకే థ్రెడ్‌ను పైథాన్ కోడ్ నడపనిచ్చే లాక్‌తో, కలిపేసుకోకూడదు. గిల్ థ్రెడ్ల మధ్య చేతులు మారుతూనే ఉంటుంది. ఇంపోర్ట్ లాక్ మాత్రం లోడింగ్ పూర్తయ్యేదాకా పట్టుకున్న థ్రెడ్ దగ్గరే ఉండిపోయేది.

చిక్కు అక్కడే. ఒక మాడ్యూల్ లోడ్ అవుతూనే థ్రెడ్ మొదలుపెట్టి, జాయిన్‌తో అది ముగిసేదాకా కూర్చుందనుకోండి. ఆ థ్రెడ్ తేదీని చదివే టైమ్.స్ట్రిప్‌టైమ్ ఫంక్షన్‌ను పిలిచింది. పైకి ఇంపోర్ట్ కనిపించదు, కానీ ఆ ఫంక్షన్ మొదటిసారి లోపల ఇంకో మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేస్తుంది. దానికి కావాల్సిన లాక్ మాడ్యూల్‌ను లోడ్ చేస్తున్న మెయిన్ థ్రెడ్ దగ్గరుంది, మెయిన్ థ్రెడ్ జాయిన్ దగ్గరుంది. ప్రోగ్రామ్ హ్యాంగ్.

పైథాన్ 2.6లో దీనికో మధ్యేమార్గం వెతికారు: లాక్ వేరే థ్రెడ్ దగ్గరుంటే ఆగకుండా ఇంపోర్ట్ ఎర్రర్ ఇచ్చే, సీ భాషలో రాసిన ఫంక్షన్. నా దృష్టిలో ఇది నొప్పిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చింది. అంతకుముందు కాసేపు ఆగి సాఫీగా సాగిపోయే ప్రోగ్రామ్‌లోనూ, పక్క థ్రెడ్ ఏదో ఇంపోర్ట్‌లో ఉన్న పాపానికి, తేదీని చదివే లైన్ అప్పుడప్పుడూ విఫలమయ్యేది. మళ్లీ రన్ చేస్తే అంతా బాగానే ఉండేది. ఇలాంటి బగ్‌ను పట్టుకోవడం నిజంగా నరకం.

అసలు మార్పు 2012 సెప్టెంబర్‌లో వచ్చిన 3.3తో జరిగింది. ఆంట్వాన్ పిత్రూ చేసిన పని వల్ల ప్రతి మాడ్యూల్‌కూ సొంత లాక్ వచ్చింది. దాంతో కొత్త ప్రమాదం: ఒక థ్రెడ్ ‘ఏ’ అనే మాడ్యూల్‌ను లోడ్ చేస్తూ ‘బీ’ అనే మాడ్యూల్ కోసం, ఇంకొకటి ‘బీ’ని లోడ్ చేస్తూ ‘ఏ’ కోసం ఆగిపోవచ్చు. ఎవరు ఎవరి కోసం ఆగారో పైథాన్‌లో ఇంపోర్ట్‌లను నడిపే ఇంపోర్ట్‌లిబ్ వెంబడి చూసి, ఇలా ఒకదాని కోసం ఒకటి ఆగిన చుట్టు కనిపిస్తే సగం తయారైన మాడ్యూల్‌నే ఇచ్చి ముందుకు పంపిస్తుంది.

ఆ చూపు తన లాక్‌ల వరకే. జాయిన్ దానికి కనపడదు. లోడ్ అవుతున్న మాడ్యూల్‌నే కొత్త థ్రెడ్ ఇంపోర్ట్ చేయబోతే, మెయిన్ థ్రెడ్ జాయిన్ దగ్గర కూర్చుంటే, ఆ ప్రోగ్రామ్ ఇప్పటికీ కదలదు.