మూత ఎవరు తీశారు?

"బయట అందరూ మందుల కంపెనీలు దొంగలంటారు. లోపల చూస్తే అట్లేం లేదు సార్." జీడిమెట్లలో ట్రైనింగ్ ముగించుకొచ్చిన మా బీఫార్మసీ క్లాసు అమ్మాయి మాట ఇది. ఆరో సెమిస్టర్ తర్వాత 150 గంటలు పరిశ్రమలోనో ఆసుపత్రిలోనో పనిచేయాలని ఫార్మసీ కౌన్సిల్ నిబంధన. ఈమె నాలుగు వారాలూ క్యూసీ (మందు నాణ్యత పరీక్షించే) ల్యాబులోనే ఉంది. గౌను, టోపీ, ఒక అంకె తప్పు పడితే చెరపకుండా ఒకే గీత కొట్టి సంతకం, తేదీ. ఇంత పద్ధతిగా ఉన్నచోట మోసం ఎట్లా ఉంటుందని అడిగింది.

అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలంటాం. నిజమే, ఎసరు మరుగుతూ పైకీ కిందికీ తిరుగుతుంది కాబట్టి మెతుకులన్నిటికీ ఒకే వేడి. (పెళ్లివంట గుండిగ దగ్గర ఈ సామెతనీ నమ్మకండి. అడుగు మాడుతుంటే పైన పలుకు ఉంటుంది.) మందు పొడి సంగతి వేరు. లారీలో వచ్చే డ్రమ్ము దారంతా అదురుతుంది. సన్నరేణువులు పెద్దవాటి సందుల్లోంచి కిందికి జారతాయి, పెద్దవి పైకి చేరతాయి. మిక్చర్ పొట్లం అడుగున కారం మిగిలేది ఇందుకే. అందుకని పరీక్షకి పొడి తీయడానికి పొడవాటి గొట్టం వాడతారు. దాని పేరు శాంప్లింగ్ థీఫ్, అంటే దొంగ! లోపలికి గుచ్చి పైన, నడుమ, అడుగున విడివిడిగా పొడి తీస్తుంది. నా పాఠంలో క్లాసంతా నవ్వేది ఇక్కడొక్కచోటే.

ఎన్ని డ్రమ్ములు తెరవాలి? మొత్తానికి వర్గమూలం కట్టి ఒకటి కలపాలి. 100 వస్తే 11. పిల్లలు ఇది మంత్రంలా వల్లిస్తారు, షరతు మాత్రం మరిచిపోతారు. సరుకంతా ఒకే రీతిగా ఉందని, పంపినవాడు నమ్మదగినవాడని ముందే తెలిస్తేనే ఆ లెక్క.

కంపెనీ ఒకే రీతిగా కలిసిన పొడి కాదు. ఉత్పత్తి, క్యూసీ, పరిశోధన, మార్కెటింగ్, ధర కట్టే గది, అన్నీ పొరలు. ట్రైనింగుకి వెళ్లిన పిల్లలకి అందేది పైపొర. పైగా మూత తీసేదీ, గరిట ముంచేదీ కంపెనీయే. సరుకు అమ్మేవాడే శాంపిల్ ఏరి ఇస్తే క్యూసీలో ఒప్పుకుంటామా? డాక్టర్లకు బహుమతులు, విదేశీ యాత్రలు కూడదంటూ కేంద్రం 2024 మార్చిలో నియమావళి తెచ్చింది. ఉచిత శాంపిళ్ల విలువ కంపెనీ దేశీయ అమ్మకాల్లో ఏడాదికి 2 శాతం దాటకూడదంది. (ఈ శాంపిల్ పరీక్షకి కాదు, అలవాటు చేయడానికి.) ఆ నియమావళి ఏ పొర కోసం పుట్టిందో, ఆ పొర మా అమ్మాయి కంటపడనే లేదు.

దీనికి మనసు చేసే గారడీ ఇంకొకటి తోడు. సైన్యంలో అధికారులు తమ కిందివాళ్లకు వేసిన మార్కుల్ని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లో పరిశీలించాడు. ఒక గుణానికి ఎక్కువ వేసినవాళ్లు దానితో సంబంధం లేని గుణాలకూ ఎక్కువే వేశారు. దీన్నే హాలో ఎఫెక్ట్ అంటారు. గది శుభ్రంగా ఉంది కాబట్టి ధర కూడా న్యాయమే అనుకోవడం ఎలాంటిదంటే, పొడి పారాసిటమాలే అని తేలగానే ఎంత శాతముందో కొలవకుండా 99.8 రాసేసినట్టు. ఎర్ర టానిక్కే బలమనే నమ్మకానికి ఇది చెల్లెలు.

నిరుడు ఇంకో కుర్రాడు నాలుగు వారాలూ లేబుళ్లు అంటించి వచ్చి, కంపెనీలన్నీ ఇంతే అన్నాడు. అదీ ఒక్క మెతుకు తీర్పే.

తూకాన్ని రోజూ పొద్దున ప్రామాణిక బరువులతో సరిచూస్తాం, మరి చూసే మనిషిని? 2001లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో రెసిడెంట్ డాక్టర్లని అడిగితే, కంపెనీల ప్రచారం తమ ప్రిస్క్రిప్షన్ల మీద పనిచేయదని 61 శాతం మంది అన్నారు. తోటి డాక్టర్ల మీదా పనిచేయదన్నది 16 శాతమే. ప్రతి తూకమూ తను సరిగ్గానే ఉన్నానంటుంది, పక్కదానిమీదే దానికి అనుమానం.

ఇప్పుడు ట్రైనింగ్ రిపోర్టు చివర ఒక పేజీ ఎక్కువ రాయిస్తున్నాను, చూడని వాటి జాబితా. మా అమ్మాయి మార్కెటింగ్, ధరలు, క్లినికల్ ట్రయల్స్ అని రాసింది. అవి నేను ఊహించినవే. నాకు తట్టనిది ఆఖరి వరసలో ఉంది: "మేమున్న నెలలో ఫెయిలైన బ్యాచ్ ఒక్కటీ చూపించలేదు సార్."